ఆవిరి కంటికి కనబడదు

బాయిలరు గదిలోకి కొత్తగా ఎవరు దిగినా మేస్త్రి అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "స్టీమరు అంటే ఏమిటిరా?"

పేరు అడగడు, ఊరు అడగడు, ఎవరి తాలూకు అని అడగడు. ఇనుప నిచ్చెన దిగి, ఆ వేడికి బిక్కచచ్చి నిలబడ్డవాడిని నిలబెట్టి ఈ ప్రశ్న వేస్తాడు. వాడు "ఓడండీ" అంటే ఒక తిట్టుతో సరిపోయేది. "పొగ ఓడండీ" అన్నవాడి ఖర్మ మాత్రం కాలిపోయినట్టే. పార పట్టే ముందు వాడికి పాఠం ఉంటుంది.

"స్టీమ్ అంటే ఆవిరి. స్టీమరు అంటే ఆవిరితో నడిచేది. పొగ బొగ్గు వదిలే కంపు, అంతే. అది ఓడని అంగుళం కూడా కదపలేదు. పైన బుస్సుమని తెల్లగా లేస్తుందే, పిల్లలు వేలు పెట్టి చూపిస్తారే, అది కూడా ఆవిరి కాదు. చల్లారి మళ్ళీ నీళ్ళయిపోతున్న తుంపర. అసలు ఆవిరి కంటికి కనబడదురా. కనబడిందంటే దాని పని అప్పటికే అయిపోయిందని అర్థం."

ఇదంతా ఒకే ఊపిరిలో చెప్పి, ఇక పో, పార పట్టుకో అనేవాడు. అందుకే ఆయనకి ఆవిరి మేస్త్రి అని పేరు పడింది. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఏటికి ఇటు ఆస్పత్రి, బడులు, కచేరీలు. అటు మిల్లు, గిడ్డంగులు. రోజుకు ఆరుసార్లు ఆ ఏరు దాటే ఓడకి పొయ్యీ నీళ్ళూ చూసుకునేది ఆయనే. పదిహేనేళ్ళ వయసులో బొగ్గు తట్టలు మోయడానికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళకి పార పట్టాడు. ముప్పై దాటాక పరీక్ష రాసి బాయిలరు కాగితం తెచ్చుకున్నాడు. ఆ పరీక్ష కోసం ఆరు నెలలు చదివి, ఇంట్లో పెళ్ళాం చేత ప్రశ్నలు అడిగించుకుని, ఆవిడకి కూడా బాయిలరు సంగతులన్నీ కంఠతా వచ్చేలా చేశాడు. ఇప్పుడాయనకి యాభై నాలుగు.

ఓడ ఎక్కే జనం మాత్రం పొగ ఓడ అనే అనేవారు. అంటే ఊరుకుంటాడా? ఒకసారి పై అంతస్తులో కూర్చున్న బడి పంతులు ఒకాయన వాదనకి దిగాడు. "మా పుస్తకంలో ధూమనౌక అనే ఉంది మేస్త్రీ. ధూమం అంటే పొగ. పుస్తకం తప్పు రాస్తుందా?"

మసి చేతులు గుడ్డతో తుడుచుకుంటూ మేస్త్రి తాపీగా అడిగాడు. "ఎద్దుబండి పోతుంటే వెనకాల దుమ్ము లేస్తుందా మాస్టారూ?"

"లేస్తుంది."

"మరి దాన్ని దుమ్ముబండి అంటారా?"

ఓడంతా గొల్లుమంది. పంతులు కూడా నవ్వాడు, పాపం. నవ్వాడు గానీ మర్నాటి నుంచి బాయిలరు గది మెట్లకి ఆమడ దూరంలో కూర్చునేవాడు.

ఆ నవ్వులో అందరికంటే గట్టిగా నవ్వినవాడు మేస్త్రి బావమరిది. మేస్త్రి పెళ్ళానికి తమ్ముడు. ముప్పై ఏళ్ళవాడు, ఎనిమిదేళ్ళుగా ఆ గదిలో బొగ్గు వేస్తున్నాడు. అంతకుముందు ఒక అచ్చాఫీసులో చేరి, అక్షరాలు తలకిందులుగా పేర్చి, యజమాని చేత చీవాట్లు తిని వచ్చేశాడు. అక్క మొగుడికి చెబితే, మొగుడు ఓడలో పెట్టించాడు. ఉండటం అక్క ఇంట్లో, తినడం అక్క చేతి కూడు, రోజంతా బావతో పోట్లాట. "నీ కూతురిని ఇస్తానంటే అల్లుడినై ఉండేవాడిని, కూతుర్ని కనలేదు నువ్వు," అని వాడంటే, "నీలాంటి అల్లుడొస్తాడనే కనలేదు," అని ఆయననేవాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. అది ఎవరైనా అంటే మాత్రం ఇద్దరూ విరుచుకుపడేవారు.

ఆ బావమరిదికి అయిదు నెలలుగా కంటి మీద కునుకు లేదు. దానికి కారణం ఒక ఎర్ర పెన్సిలు.

బాయిలరు ముందు భాగాన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది. లోపల నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అందులో గీతలా కనబడుతుంది. నీళ్ళు సగానికి అటూ ఇటూ ఉండాలి. మరీ తగ్గిపోతే పొయ్యి పైనున్న ఇనుము ఎర్రగా కాలి, మెత్తబడి, బాయిలరు బద్దలవుతుంది. ఓడ మీదున్న రెండు వందల మందీ ఏమవుతారో చెప్పక్కర్లేదు. ఇందులో ఒక తిరకాసు ఉంది. గొట్టం నిండా నీళ్ళున్నా, బొట్టు నీళ్ళు లేకపోయినా చూడటానికి ఒకేలా ఉంటుంది. రెండింటిలోనూ గీత ఉండదు, గాజు తేటగా కనబడుతుంది. అలాంటప్పుడు గొట్టం వెనక పెన్సిలు ఏటవాలుగా పట్టుకోవాలి. నీళ్ళుంటే పెన్సిలు ఎదురువైపుకి వాలినట్టు కనబడుతుంది. లేకపోతే ఉన్నది ఉన్నట్టే కనబడుతుంది. బాయిలరు దగ్గర పనిచేసేవాళ్ళందరికీ తెలిసిన చిట్కా ఇది.

అయితే అది అనుమానం వచ్చినప్పుడు వాడేది. గీత నడిమధ్యన స్పష్టంగా కనబడుతుంటే పెన్సిలెందుకు? మేస్త్రి మాత్రం ప్రతిసారీ పెట్టేవాడు. లావుపాటి ఎర్ర పెన్సిలు ఒకటి చెవి మీద పెట్టుకుని, గొట్టం వెనక దాన్ని కింద నుంచి పైకి జరుపుతూ, ముఖం గాజుకి ఆనించి చూసేవాడు. మొదట్లో బావమరిది ఆట పట్టించాడు. "ఏంటి బావా, గొట్టానికి బొట్టు పెడుతున్నావా?" మేస్త్రి నవ్వలేదు. ఎదురు తిట్టనూ లేదు. తిట్టని బావని వాడు ఎనిమిదేళ్ళలో చూడలేదు.

ఆ తర్వాత పెన్సిలు కూడా మూలపడింది. దాని బదులు మేస్త్రి పావుగంటకోసారి పరీక్ష కుళాయిలు తిప్పడం మొదలుపెట్టాడు. అవి గొట్టం పక్కనే ఒకదాని కింద ఒకటి మూడుంటాయి. నీళ్ళ మట్టానికి పైనున్న దాన్ని తిప్పితే ఆవిరి వస్తుంది, కిందున్న దాన్ని తిప్పితే నీళ్ళొస్తాయి. మేస్త్రి అటు చూసేవాడు కాదు. తల పక్కకి వంచి, కళ్ళు మూసుకుని, వినేవాడు.

ఒక మధ్యాహ్నం బావమరిది చేయకూడని పని చేశాడు. గొట్టంలో నీళ్ళు మూడో వంతుకి దిగి ఉన్నాయి. వాడు కావాలనే అన్నాడు. "బావా, నీళ్ళు సగం దాటాయి, చూడు."

మేస్త్రి గొట్టం వైపు తల తిప్పి కాసేపు నిలబడ్డాడు. "ఊ. చూశానులే," అన్నాడు.

బావమరిది గబగబా పంపు తిప్పి నీళ్ళు పెట్టి, బొగ్గు గుట్ట వెనక్కి వెళ్ళి కూలబడ్డాడు. అనుమానంగా ఉన్నంతకాలం కొంచెం ధైర్యం ఉండేది. ఇప్పుడది కూడా పోయింది.

చెప్పేయొచ్చు కదా అంటారు. ఎవరికి చెప్పాలి? కంపెనీ డాక్టరుకి చూపిస్తే కంటికి మందో, కోతో ఏదో ఒకటి చేస్తాడు. కానీ చూపించిన రోజే ఆయన కాగితం రద్దవుతుంది. కాగితం లేనివాడికి బాయిలరు గదిలో చోటు లేదు. బొగ్గు యార్డు పక్కనున్న ఆ రెండు గదుల ఇల్లు కంపెనీది. ఉద్యోగం పోయిన నెలలోపు ఖాళీ చేయాలి. అక్క పాతికేళ్ళుగా తోమి తోమి మెరిపించిన ఆ గచ్చు, కిటికీలో పెట్టుకున్న తొట్లు, అన్నీ వదిలి ఎక్కడికి పోతుంది? పోనీ చెప్పకుండా ఊరుకుంటే, పైన రోజూ రెండు వందల మంది. వాడు ఊపిరి పీల్చుకోవడానికి పైకి ఎక్కినప్పుడల్లా కళ్ళు తనకి తెలియకుండానే జనాన్ని లెక్కపెట్టేవి. ఆస్పత్రికి వెళ్ళే నిండు చూలాళ్ళు, మిల్లు పని దిగి నిలబడ్డచోటే నిద్రపోయే మనుషులు, రెండు జడల ఆడపిల్లలు. ఏ ముఖమూ చూడలేక మళ్ళీ నిచ్చెన దిగిపోయేవాడు.

అక్క కూడా పట్టేసింది, కానీ పట్టింది వేరే కొస. ఒకరోజు పొద్దున్నే బట్టలు ఆరేస్తూ తమ్ముడిని పక్కకి పిలిచింది.

"మీ బావకి నా మీద ఏమైనా కోపమా?"

"కోపమేంటక్కా?"

"నా ముఖం చూసి మాట్లాడటం లేదురా. మాట్లాడితే గోడని చూసి మాట్లాడతారు, లేదంటే నా భుజం మీదుగా ఎటో చూస్తారు. మూడు నెలలుగా చూస్తున్నాను. నేనేం తప్పు చేశానో చెప్పమని నువ్వయినా అడగరా."

"పని ఎక్కువగా ఉందిలే అక్కా," అని తప్పించుకున్నాడు. ఓడ దాకా నడుస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఏం బతుకిది అనుకున్నాడు.

చివరికి వాడికి తోచిన ఉపాయం ఇది. గొట్టాన్ని తనే చూసేవాడు. చూసి, పార అంచుతో నేల మీది ఇనుప రేకుని కొట్టేవాడు. ఒక దెబ్బయితే నీళ్ళు తక్కువ, రెండయితే సగం, మూడయితే నిండుగా ఉన్నాయని. మొదటిరోజు మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "ఏంట్రా ఆ గోల?"

"పారకి బొగ్గు అంటుకుంది బావా."

రెండో రోజు అడగలేదు. మూడో రోజు రెండు దెబ్బలు పడగానే మేస్త్రి చెయ్యి పంపు పిడి మీదకి వెళ్ళి నీళ్ళ ధార తగ్గించింది. అంతే, ఇద్దరి మధ్యా ఒప్పందం కుదిరిపోయింది. నీకు కనబడటం లేదని వీడనలేదు, నీకు తెలిసిపోయిందని ఆయన అనలేదు. కొత్తవాళ్ళెవరైనా దిగితే మేస్త్రి ఎప్పటిలాగే స్టీమరు అంటే ఏమిటిరా అని పాఠం చెప్పేవాడు. ఆవిరి కంటికి కనబడదురా అనే చోటికి రాగానే బావమరిది గబుక్కున పొయ్యి తలుపు తెరిచి అటు తిరిగిపోయేవాడు.

అలా రెండు నెలలు నెట్టుకొచ్చారు. కానీ చూసే బరువంతా నెత్తినేసుకున్నవాడికి మనసు మనసులో ఉంటుందా? ఒక పొద్దున బావమరిది ఇక లాభం లేదనుకున్నాడు. ఈ రోజు సరంగుతో చెప్పేయాలని ఒట్టు పెట్టుకున్నాడు. సరంగు అంటే పైన చుక్కాని పట్టే పెద్దమనిషి, ఓడకంతటికీ ఆయనదే మాట. మంచివాడే గానీ నోరు పెద్దది.

బాయిలరు అడుగున చేరిన మడ్డిని రోజూ పొద్దున కాసేపు అడుగు కుళాయి తిప్పి ఏట్లోకి వదలాలి. అది బావమరిది పని. తిప్పాడు, వదిలాడు, మూశాడు. మూశాక ఆ గొట్టం మీద చెయ్యి పెట్టి చల్లబడిందో లేదో చూడాలి. వేడిగానే ఉంటే కుళాయి సరిగ్గా మూసుకోలేదని అర్థం. ఆ రోజు వాడు చెయ్యి పెట్టలేదు. సరంగుతో మాట ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ నిచ్చెనెక్కేశాడు.

పైన తొక్కిసలాట. మిల్లు జీతాల రోజు కావడంతో జనం విరగబడ్డారు. సరంగు గొంతు చించుకుని అరుస్తున్నాడు. బావమరిదిని చూసి, "ఏంటయ్యా నువ్వొకడివి? కిందేమైనా తగలబడిందా?" అన్నాడు.

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే ఇక్కడేం పని? పోటు ఎదురుగా ఉంది, ఆవిరి దండిగా కావాలని మీ బావకి చెప్పు."

వాడు దిగివచ్చేశాడు. అనుకున్న ఒక్క మాట కూడా నోటి దాకా రాలేదు. తనని తాను తిట్టుకుంటూ పొయ్యిలోకి పార మీద పార బొగ్గు విసిరాడు. ఓడ కదిలింది. అడుగు కుళాయిలో మడ్డి పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. బాయిలరులోని నీళ్ళు కంటికి తెలియకుండా ఏట్లోకి పోతూనే ఉన్నాయి.

సగం ఏరు దాటాక వాడు గొట్టం వైపు చూశాడు. గీత లేదు. గాజు తేటగా ఉంది. పొద్దున్నుంచి పంపు నడుస్తూనే ఉంది కదా, పైదాకా నిండిపోయి ఉంటుందనుకున్నాడు. పెన్సిలు పెట్టి చూస్తే క్షణంలో తేలేది. కానీ ఆ ఎర్ర పెన్సిలంటే వాడికి అసహ్యం పుట్టి చాలాకాలమైంది. దాన్ని ముట్టుకోలేదు. పార ఎత్తి రేకు మీద మూడు దెబ్బలు కొట్టాడు.

మేస్త్రి పంపు ఆపేశాడు.

ఆపి, రెండడుగులు వేసి, ఆగిపోయాడు. తల పక్కకి వంచాడు. "ఒరేయ్, దీని గొంతు మారింది."

"పోటు కదా బావా. ఇంజను గట్టిగా లాగుతోంది."

"ఇంజను సంగతి కాదు." మేస్త్రి తడుముకుంటూ వచ్చి మూడు పరీక్ష కుళాయిల్లో అన్నిటికంటే కిందిది తిప్పాడు. బుస్సుమంటూ తెల్లగా చిమ్మింది.

"నీళ్ళే బావా," అన్నాడు వాడు.

"నోర్మూసుకుని విను."

విన్నాడు. నీళ్ళొచ్చినప్పుడు బొంగురుగా, ఉమ్మినట్టు ఉంటుంది చప్పుడు. ఇది సన్నగా, పొడిగా, చెవుల్లో గుచ్చుకుంటోంది. అయినా ఆ ఇంజను హోరులో వాడికి ఖాయంగా తెలియలేదు. మేస్త్రికి కూడా ఒక పిసరు అనుమానం ఉన్నట్టుంది. ఆయన బావమరిది భుజం పట్టుకున్నాడు.

"కుళాయి మూతి దగ్గర చూడు. మూతి నుంచే తెల్లగా వస్తోందా, మధ్యలో ఖాళీ ఏమైనా ఉందా? నాకు కనబడదురా, నువ్వు చూసి చెప్పు."

అయిదు నెలలుగా ఇద్దరూ దాచుకున్న మాట అలా బయటపడిపోయింది. దానికి ఏడవడానికి కూడా తీరిక లేదు. వాడు వంగి చూశాడు. కుళాయి మూతికీ ఆ తెల్లదానికీ మధ్య బెత్తెడు మేర ఏమీ లేదు. ఉత్త గాలిలా ఉంది.

"బెత్తెడు ఖాళీ ఉంది బావా."

"అదే ఆవిరి. నీళ్ళు లేవురా లోపల."

వాడు ఒక్క ఉదుటున పంపు పిడి మీదకి దూకాడు. మేస్త్రి వాడి మణికట్టు దొరకబుచ్చుకుని విరిచినంత పని చేశాడు. "చంపుతావా అందర్నీ? ఎర్రగా కాలిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే ఏమవుతుందో తెలుసా? వదులు! తడి బూడిద తే. పొయ్యి కప్పెయ్. గాలి తలుపులు మూసెయ్. ఇంకేదీ ముట్టుకోకు. ఆవిరిని ఒక్కసారిగా వదలకూడదు, ఒక్కసారిగా ఆపకూడదు."

వాడు తట్టల కొద్దీ తడి బూడిద తెచ్చి మంట మీద కుమ్మరించాడు. చేతులు బొబ్బలెక్కినా తెలియలేదు. మేస్త్రి పైకి మాట చేరవేసే గొట్టంలో నోరు పెట్టి సరంగుకి చెప్పాడు. "ఓడని దగ్గర్లోని ఇసుక దిబ్బ ఎక్కించండి. ఉన్న ఆవిరితోనే వెళ్ళాలి, మళ్ళీ పుట్టదు. ఎందుకని అడక్కండి." పెద్ద నోటి సరంగు మొట్టమొదటిసారి ఎదురు మాట్లాడకుండా చెప్పింది చేశాడు.

ఓడ మెల్లగా, మెల్లగా నడిచింది. కింద ఇద్దరూ బాయిలరు ముందు నిలబడ్డారు. పారిపోదామన్నా ఎక్కడికి పోతారు? ఇనుము టక్ టక్ మంటూ చప్పుడు చేసినప్పుడల్లా బావమరిది కళ్ళు మూసుకునేవాడు. పైన ఎవరో పసిపిల్లని ఆడిస్తున్నట్టున్నారు, నవ్వులు వినబడుతున్నాయి. మేస్త్రి వాడి మణికట్టు ఇంకా వదల్లేదు. అడుగున ఇసుక గరగరమని ఓడ ఆగేదాకా పట్టుకునే ఉన్నాడు.

చిన్న పడవలొచ్చి జనాన్ని దించుకుపోయాయి. ఆలస్యమైందని అందరూ సణిగారు. ఏం తప్పిందో ఒక్కరికీ తెలియదు.

మూడో రోజు బాయిలర్ల తనిఖీ అధికారి వచ్చాడు. ఓడని ఈడ్చుకొచ్చి రేవులో కట్టేశారు. బాయిలరు చల్లారి మొద్దులా పడి ఉంది. సన్నటి మనిషి, మెత్తటి మాట. లోపల టార్చి వేసి చూసి, ఇనుము తట్టి, అడుగు కుళాయి విప్పించి, ఇరుక్కున్న పెచ్చుని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ తర్వాత మేస్త్రి ముందు నిలబడి తలూపాడు.

"ఇంకో పది నిమిషాలయితే ఈ ఓడా లేదు, మీరూ లేరు మేస్త్రిగారూ. నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, ఇలాంటప్పుడు పంపు జోలికి పోకుండా ఆగినవాళ్ళు తక్కువ. బాగా చేశారు." పుస్తకం తెరిచాడు. "మరి గొట్టం చూసి నిండుగా ఉందని చెప్పిందెవరు?"

"నేనండీ," అన్నాడు బావమరిది. "అడుగు కుళాయి సరిగ్గా మూయనిది కూడా నేనే."

"కాదండీ, గొట్టం చూడటం నా పని," అన్నాడు మేస్త్రి.

"బావా, నువ్వూరుకో."

అధికారి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పక్కన సరంగు కలగజేసుకున్నాడు. "కుర్రాడు కంగారు మనిషండీ. మేస్త్రి మాత్రం బంగారం." అధికారి రాసుకున్నాడు. బొగ్గు మనిషి అజాగ్రత్త, తొలగించవలెను అని రాస్తున్నాడని ఆ కలం పోయే తీరే చెబుతోంది. బావమరిది తల వంచుకున్నాడు. పోతే పోనీ, అక్క ఇల్లు నిలబడుతుంది అనుకున్నాడు. ఆ వెంటనే ఇంకో భయం పట్టుకుంది. తను పోతే రేపటి నుంచి గొట్టం ఎవరు చూస్తారు?

"మీ కాగితం గడువు ఈ నెలతో అయిపోతోంది మేస్త్రిగారూ," అన్నాడు అధికారి, సంచిలోంచి కొత్త కాగితం తీస్తూ. "మీలాంటివారిని డాక్టర్ల చుట్టూ తిప్పడం నాకిష్టం లేదు. మూడేళ్ళకి ఇక్కడే రాసిచ్చేస్తాను. రివాజు కాబట్టి ఒక్క మాట అడుగుతాను. అదిగో, ఆ ఒత్తిడి గడియారంలో ముల్లు ఎంత చూపిస్తోంది?"

బావమరిదికి ప్రాణం లేచొచ్చింది. మూడు రోజులుగా నిప్పు లేని బాయిలరు. ముల్లు సున్నా మీద కాక ఇంకెక్కడుంటుంది? గుడ్డివాడైనా చెబుతాడు. చెప్పు బావా, సున్నా అని చెప్పెయ్ అని లోపల్లోపలే మొక్కుకున్నాడు. వద్దు బావా, చెప్పకు అని కూడా అదే నోటితో మొక్కుకున్నాడు. ఏది కావాలో వాడికే తెలియదు.

మేస్త్రి గడియారం వైపు తల ఎత్తాడు. చెమట పడుతోంది, ఆ చల్లటి గదిలో.

"సున్నా ఉండాలండీ," అన్నాడు.

అధికారి కాగితం మీద కలం పెట్టాడు.

"ఉండాలి అంటున్నాను. చల్లారిన బాయిలరు కాబట్టి. నాకు ముల్లు కనబడటం లేదు. ముల్లే కాదు, గడియారం కూడా తెల్లటి మచ్చలా ఉంది. గొట్టం చూడలేక ఏడాది దాటింది. వీడు నా కోసం చూశాడు. చూడటం వాడి పని కాదు, వాడికి ఆ కాగితం లేదు. ఒక్కరోజు తప్పు చూశాడు. మీరు రాసినదాంట్లో వాడి పేరు కొట్టేయండి. తప్పంతా నాది."

అధికారి అప్పటిదాకా రాసిన దాని మీద ఒక గీత కొట్టి, పేజీ తిప్పి, మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. కాసేపటికి, తల ఎత్తకుండానే, "కంపెనీ డాక్టరుకి నేను ఉత్తరం రాస్తాను. ఒక కన్నయినా వస్తుందేమో చూడనివ్వండి," అన్నాడు. మూడేళ్ళ కాగితం సంచిలోకి తిరిగి వెళ్ళిపోయింది.

మేస్త్రి నిచ్చెనెక్కాడు. వెనకాలే బావమరిది ఎక్కాడు. పైన ఎండ కళ్ళు చెదిరేలా కాస్తోంది. ఓడకీ రేవుకీ మధ్య ఒక్క పలక వేసి ఉంది, మూరెడు వెడల్పు, పట్టుకోవడానికి తాడు కూడా లేదు. కింద నీళ్ళు నల్లగా కదులుతున్నాయి. మేస్త్రి అంచు దాకా వచ్చి ఆగాడు.

"ఒరేయ్, చెయ్యి ఇటివ్వు. పలక ఎక్కడుందో తెలియటం లేదు."

వాడు చెయ్యి ఇచ్చాడు. ఇచ్చాక గానీ వాడికి తట్టలేదు. ఎండ ఉన్న రోజూ, వాన కురిసిన రోజూ, ఏడాదికి పైగా ఈ మనిషి ఈ పలక ఎక్కాడు, దిగాడు. ఎవరి చెయ్యీ అడగలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా దిగావు బావా?"

మేస్త్రి ఒక్కో అడుగూ వేస్తూ, వాడి వేళ్ళు నొప్పెట్టేలా పట్టుకున్నాడు.

"భయపడుతూ దిగానురా," అన్నాడు.